ఎల్‌ఈడీ వాల్ పెడితే వెళ్ళిపోయిన కుర్రాళ్ళు తిరిగి వస్తారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది పశ్చిమ గోదావరిలో ఒక పాత లూథరన్ సంఘం. పెళ్ళిళ్ళకీ, భూస్థాపనలకీ అందరూ మీ గుడికే వస్తారు. ఆదివారం మాత్రం కుర్రాళ్ళు బైకులేసుకుని టౌన్‌లోని పెద్ద మినిస్ట్రీకి, అంటే ఏ పాత మిషన్‌కీ చెందని సొంత చర్చికి పోతున్నారు. కమిటీలో సగం మంది ఎల్‌ఈడీ వాల్ (స్టేజీ మీద గోడంత వీడియో తెర), కొత్త సౌండ్ సిస్టం, ఏసీలు పెట్టిద్దామంటున్నారు. మిగతా సగం మంది ఇదంతా అమెరికా కన్స్యూమర్ కల్చర్, మన గుడిలోకి రానివ్వం అంటున్నారు. ఎవరి మాట కరెక్ట్ అని అడిగారు.

సూటిగా చెప్తాను. వాల్ కొనడం తప్పేం కాదు. కానీ దాన్ని చూసి వెళ్ళినవాళ్ళు తిరిగి రారు, వాళ్ళు వెళ్ళిన కారణాలు వేరు. ఇక కన్స్యూమర్ కల్చర్ అంటారా, దాన్ని స్టేజీ మీద వెతికితే దొరకదు. జమాఖర్చుల పుస్తకంలో వెతకాలి. సంఘం మామూలుగా ఇచ్చే కానుకల్ని తప్పనిసరి నెల ఖర్చు దాటిపోయిన రోజున విశ్వాసి కస్టమరైపోతాడు. ఆ తర్వాత వాక్యం, పాట, ప్రార్థన అన్నీ ఆ లోటు పూడ్చే పనిలో పడతాయి.

నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. మా సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరేట్‌కి, అంటే ఒక పాస్టరు కింద ఉండే సంఘానికి, చాలా ఏళ్ళు ట్రెజరర్‌గా ఉన్నాను. తర్వాత తెలిసినవాళ్ళు పిలిస్తే చిన్నా పెద్దా సంఘాల లెక్కలు చూసిపెట్టాను, వాటిలో ఇండిపెండెంట్ మినిస్ట్రీలవి కూడా ఉన్నాయి. మా అమ్మాయి షికాగో దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడి పెద్ద చర్చిలూ కొన్ని చూశాను. వేదాంతం చెప్పేంత చదువు నాకు లేదు. డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో చూడటం మాత్రం తెలుసు.

ముందు అమెరికా సంగతి. అక్కడ ప్రభుత్వం చర్చికి జీతాలివ్వదు. ఆఖరుగా మసాచుసెట్స్ రాష్ట్రం 1833లో ఆ ఏర్పాటు తీసేసింది. అప్పటి నుంచీ ప్రతి చర్చీ తన జనాన్ని తానే రప్పించుకోవాలి, తన ఖర్చు తానే రాబట్టుకోవాలి. 19వ శతాబ్దంలో చాలా చర్చిల్లో బెంచీలు అద్దెకిచ్చేవాళ్ళు. ముందు వరసకి ఒక రేటు, వెనక వరసకి ఒక రేటు. అంటే గుడిలో బజారు ఎల్‌ఈడీ తెరలతో పుట్టింది కాదన్నమాట.

మనం ఇప్పుడు చూస్తున్న తరహా మాత్రం కారుతో మొదలైంది. రాబర్ట్ షుల్లర్ అనే పాస్టరు 1955లో కాలిఫోర్నియాలో ఒక డ్రైవ్-ఇన్ సినిమా థియేటర్ అద్దెకు తీసుకుని, అక్కడి స్నాక్ బార్ పైకప్పు ఎక్కి ప్రసంగించేవాడు. జనం కార్లలోనే కూర్చుని వినేవాళ్ళు. పక్కవాడి మొహం చూడక్కర్లేదు, నచ్చకపోతే బండి తిప్పుకుని వెళ్ళిపోవచ్చు. ఆ పని 1980 నాటికి పదివేలకు పైగా గాజు పలకలతో కట్టిన క్రిస్టల్ కేథడ్రల్ అయింది. టీవీలో ప్రపంచమంతా చూసింది. 2010లో దివాలా పిటిషన్ వేసింది. క్రిస్మస్ నాటకానికి పశువుల్ని తెచ్చిన వాళ్ళ బిల్లులు కూడా బాకీ ఉండిపోయాయి. చివరికి ఆరెంజ్ కౌంటీ కాథలిక్ డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిధి) 5 కోట్ల 75 లక్షల డాలర్లకి ఆ ఆవరణ కొనుక్కుంది. అద్దాలు తుడవాలి, లైట్లు వెలగాలి, టీవీ టైముకి డబ్బు కట్టాలి. జనం తగ్గినా వీటిలో ఏదీ తగ్గదు. బ్యాంకులో పనిచేసిన ఎవరికైనా ఈ కథ కొత్తగా అనిపించదు.

రెండో పేరు విల్లో క్రీక్. 1975లో షికాగో శివార్లలో బిల్ హైబెల్స్, అతని స్నేహితులు ఇంటింటికీ తిరిగి "మీరు చర్చికి ఎందుకు రావడం లేదు" అని అడిగారు. ఎప్పుడూ డబ్బులడుగుతారు, బోరు కొడుతుంది, మా జీవితానికి పనికొచ్చేది ఏమీ ఉండదు అని జవాబులొచ్చాయి. అవి రాసుకుని, వాళ్ళకి నచ్చేలా ఆరాధన తయారుచేశారు. నేను ఆ ఆవరణకి వెళ్ళాను. ఏడు వేలకు పైగా సీట్లు, మంచి సినిమా హాలు కుర్చీలు, పార్కింగ్‌లో ఎర్ర లైట్ల కర్రలు పట్టుకున్న వాలంటీర్లు. నిజం చెప్పాలంటే అంత మర్యాదగా నన్ను ఏ గుడిలోనూ లోపలికి తీసుకెళ్ళలేదు. మన గుళ్ళలో కొత్తవాడు వస్తే ఎవరి తాలూకు అని ఆరా తీస్తాం కదా, ఆ గోల అక్కడ లేదు.

అదే విల్లో క్రీక్ 2007లో తమ సొంత జనం మీద చేసిన సర్వే ఫలితాలు బయటపెట్టింది. చర్చి కార్యక్రమాల్లో ఎంత ఎక్కువగా పాల్గొంటే దేవుని మీద, పొరుగువారి మీద ప్రేమ అంత పెరుగుతుందని వాళ్ళు లెక్కేసుకున్నారు. అలా పెరగడం లేదని తేలింది. అన్నిటికంటే ముందున్న విశ్వాసుల్లోనే చాలామంది అసంతృప్తిగా ఉన్నారు, వెళ్ళిపోదామా అనుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. తమ పద్ధతి పూర్తిగా పనిచేయలేదని తామే అచ్చేసి చెప్పినందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. మన దగ్గర ఏ మినిస్ట్రీ అయినా అలా చెప్పగా నేను వినలేదు.

మీ కమిటీ పెద్దలకి ఒక మాట. ఇదంతా అమెరికా నుంచి మన మీదకి వచ్చిపడిందని అంటున్నారు కదా, కథ అంత సులువుగా లేదు. చర్చి ఎదుగుదలని లెక్కలతో, ప్రణాళికతో చూడాలన్న ఉద్యమానికి ఆద్యుడు డొనాల్డ్ మెక్‌గావ్రన్. ఆయన 1897లో మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌లో పుట్టిన మిషనరీ. భారతదేశంలో సమూహ ఉద్యమాల మీద, అంటే జనం ఒక్కొక్కరుగా కాక గుంపులుగా క్రైస్తవులవడం మీద, జె. వాస్కమ్ పికెట్ 1933లో ఇచ్చిన నివేదిక ఆయనకి దారి చూపించింది. తెలుగు నేల మీద మాల, మాదిగ పల్లెలకి పల్లెలే క్రైస్తవ్యంలోకి వచ్చిన చరిత్ర ఆ సమూహ ఉద్యమాల్లో పెద్ద భాగం. జనం తమ కులం, భాష, వర్గం గీతలు దాటక్కర్లేకుండా ఉంటే త్వరగా క్రైస్తవులవుతారన్నది మెక్‌గావ్రన్ చూసి చెప్పిన సూత్రం. 1965లో ఆయన కాలిఫోర్నియాలో పాస్టర్లకి చదువు చెప్పే ఫుల్లర్ సెమినరీలో ఒక విభాగమే పెట్టాడు. అక్కడి పాస్టర్లకి కులం తెలియదు, మార్కెట్ తెలుసు. మన పల్లెల్లో పుట్టిన ఆ సూత్రం అక్కడ టార్గెట్ ఆడియెన్స్ అయిపోయింది. రిక్ వారెన్ 1980లో శాడిల్‌బ్యాక్ చర్చి మొదలుపెట్టి, తర్వాత "శాడిల్‌బ్యాక్ శామ్" అని ఒక ఊహా మనిషి బొమ్మ గీయించాడు. ఇలాంటి చదువు, ఇలాంటి ఉద్యోగం, ఇలాంటి అభిరుచులు ఉన్న మనిషి మన చర్చికి రావాలి అని. మెక్‌గావ్రన్ ప్రభావం తన మీద ఉందని వారెనే చెప్పుకున్నాడు.

ఇప్పుడదే మళ్ళీ మన దగ్గరికి సెమినార్ల రూపంలో, యూట్యూబ్ రూపంలో వస్తోంది. కనక దీన్ని పరాయి సరుకు అని కొట్టిపారేయలేం.

మరి మన పాత సంఘాల్లో ఇది ఎందుకు లేదు? మనం అంత పవిత్రులం కాబట్టి అనుకుంటే పొరపాటు. మనకి ఎంచుకునే వీలే లేదు. మిషన్లు ఊళ్ళు పంచుకున్నాయి. గుంటూరు, రాజమండ్రి లూథరన్లకి, ఒంగోలు, నెల్లూరు అమెరికన్ బాప్టిస్టులకి, కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులకి, బందరు ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీకి (సీఎంఎస్), కడప లండన్ మిషన్‌కి, మెదక్ వెస్లియన్లకి. ఏ పల్లెలో పుడితే ఆ మిషనే మన మతం. ఒకరి సరిహద్దులోకి ఒకరు రాకూడదని ఒప్పందం. చదువుకీ, ఉద్యోగాలకీ జనం ఊళ్ళు మారాక, ఊరికి నాలుగు ప్రార్థన మందిరాలు లేచాక ఆ ఒప్పందానికి విలువ లేకుండా పోయింది.

పోటీ లేని రోజుల్లో మేలూ జరిగింది, కీడూ జరిగింది. మేలుకి ఒంగోలు ఉంది. 1876-78 కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పేదలకి పని కల్పించాడు. కానీ కూటి కోసం ఎవరూ చేరకూడదని ఆ కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఏదో దొరుకుతుందని వచ్చేవాణ్ణి ముందు ఆగమని చెప్పగలిగిన చర్చి అది. ఈ రోజు ఆ మాట అనగల పాస్టరు ఎవరైనా ఉన్నారా, మన దగ్గరైనా, వాళ్ళ దగ్గరైనా?

కీడు కూడా రాయాలి. మాల గుడి, మాదిగ గుడి వేరువేరుగా ఉన్న ఊళ్ళు మనకి తెలుసు. కమిటీ ఎన్నికలు కులం లెక్కల మీద, కుటుంబాల లెక్కల మీద నడవడం తెలుసు. మిషన్ స్థలాల మీద ఏళ్ళ తరబడి సాగే కోర్టు కేసులు తెలుసు. తాతల కాలం నుంచి వెనక బెంచీలో కూర్చున్న ఇంటి పిల్లవాడు, తన ఇంటి పేరు ఎవరూ అడగని చోటికి వెళ్తే దాన్ని నేను వినియోగ సంస్కృతి అనను. ఎంచుకునే స్వేచ్ఛ అతనికి మొదటిసారి దొరికింది. ఇంకో విషయం బయటికి ఎవరూ మాట్లాడరు: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. మన దగ్గర బాప్తిస్మం రిజిస్టరు ఉంటుంది. పెద్ద మినిస్ట్రీల కూడికల్లో చాలాచోట్ల పేరు రాయించక్కర్లేదు, వెళ్ళి కూర్చుని రావచ్చు. సర్టిఫికెట్ మీద టెన్షన్ ఉన్న కుటుంబానికి అది చిన్న సంగతి కాదు.

ఇంకొకటి. వాళ్ళు పెళ్ళికీ, భూస్థాపనకీ మీ దగ్గరికి వస్తున్నారని మీరే రాశారు. ఎందుకు వస్తున్నారు? 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సున్న పాస్టరు మీ దగ్గర ఉన్నాడు. సమాధుల తోట మీ దగ్గర ఉంది. ఆ రెండింటి కోసం చందా కడుతున్నారు. మనం కూడా పెళ్ళి చీటీ (ఫలానావారికి పెళ్ళి అని గుడిలో చేసే ప్రకటన) చదివే ముందు బకాయి చందా ఎంతుందో పుస్తకం తీసి చూస్తాం, కట్టాకే సంతకం పెడతాం. నేనూ ట్రెజరర్‌గా ఆ రసీదులు రాసినవాణ్ణే. అంటే వాళ్ళు పాటల కోసం ఒక చోటికి, సమాధి కోసం ఇంకో చోటికి వెళ్తున్నారు, రెండు చోట్లా సర్వీసే. మీ గుడి కన్స్యూమర్ కల్చర్‌కి బయట ఉందనుకోవద్దు.

ఇక లెక్కల దగ్గరికి వద్దాం, నాకు తెలిసింది అదే కాబట్టి.

జిల్లా కేంద్రంలో ఒక ఇండిపెండెంట్ సంఘం, పేరొద్దు. రేకుల షెడ్డులో మొదలై బాగా పెరిగింది. పాస్టరు గారు నిజాయితీపరుడు, పొద్దున్నే ఆసుపత్రి వార్డుల్లో తిరిగేవాడు. హాలు కట్టారు, ఏసీలు పెట్టారు, వాల్ పెట్టారు, కొంత అప్పు తెచ్చారు. వాళ్ళ పుస్తకాలు నేను వరసగా చూశాను. వాల్ ఖరీదు ఒకసారి కట్టేది, అది కనపడుతుంది. కనపడనివి కరెంటు బిల్లు, జనరేటర్ డీజిల్, ఆపరేటర్ జీతం, లైవ్ కోసం కెమెరా కుర్రాళ్ళు, చెడిపోయిన ప్యానెళ్ళు, ఏసీ సర్వీసింగ్, వాటి పైన అప్పు వాయిదా. రెండేళ్ళలోపే విధవరాళ్ళ సహాయం పద్దు సగానికి పడిపోయింది. ఆపేద్దామని ఎవరూ తీర్మానం చేయలేదు, నెలాఖరుకి మిగల్లేదంతే. ప్రసంగాల పట్టిక చూస్తే దశమభాగం, విత్తనం, ప్రథమ ఫలాలు, వాగ్దానం అని కానుకలు అడిగే మాటలు ఎక్కువయ్యాయి. ఆసుపత్రికి తిరిగే పాస్టరు గారు ఇంటింటికీ డోనర్ల దగ్గరికి తిరుగుతున్నారు. ఆ మనిషి మారలేదు. వాయిదా తేదీ ఆయన్ని నడిపిస్తోంది.

లూథరన్ సినడ్, సీఎస్‌ఐ డయోసిస్‌లలో ఇక్కడొక రక్షణ ఉంది, మనవాళ్ళు దాన్ని గుర్తించరు. మన దగ్గర కానుకల్లోంచి అసెస్‌మెంట్ (పై ఆఫీసుకి కట్టాల్సిన వాటా) పైకి వెళ్తుంది, అయ్యగారి, అంటే మన పాస్టరు జీతం అక్కడి నుంచి వస్తుంది. ట్రాన్స్‌ఫర్లు ఉంటాయి. అందువల్ల ఏ ఒక్క ఆదివారం జనం అలిగినా ఆయన ఇంట్లో పొయ్యి ఆరదు, నచ్చని మాట కూడా చెప్పగలడు. (చెప్తున్నారా అంటే అది వేరే సంగతి. జీతం గ్యారంటీ అయ్యాక పడుకున్న అయ్యగార్లనీ చూశాను.) ఇండిపెండెంట్ పాస్టరు భార్యాబిడ్డల తిండి ఆ వారం కానుక సంచిలో ఉంటుంది. ఆయన జనానికి నచ్చేది చెప్తున్నాడని తిట్టే ముందు ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

విత్తనం మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఇస్తే ఇన్ని రెట్లు తిరిగొస్తుందన్న బోధని అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ లాంటివాళ్ళు టీవీ ద్వారా ఇంటింటికీ చేర్చారు. మన టీవీ ప్రసంగీకులు అక్కడి నుంచే ఎత్తుకున్నారు. మన పాత ఇచ్చే పద్ధతులు దీనికి పూర్తిగా వేరు. వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఆడవాళ్ళు దేవుడి కుండలో వేసే గుప్పెడు బియ్యానికి ఎవరూ లాభం లెక్కించలేదు. కోత పండుగలో గుమ్మడికాయ వేలం పాట చూడండి, బజారులో ఎవడూ కొనని ధరకి పాడతారు, గెలిచినవాడు దాన్ని మళ్ళీ వేలానికే ఇచ్చేస్తాడు. డబ్బుంది, పోటీ ఉంది, కేకలున్నాయి, కొంచెం గొప్పలు కూడా ఉన్నాయి. అయినా అక్కడ ఎవరూ కస్టమరు కాదు, అందరూ నష్టపోవడానికే వచ్చారు. డిసెంబర్ 31 రాత్రి కొత్త ఏడాదికని ఒక బైబిల్ వచనం వచ్చేలా తీసే వాగ్దానం కార్డు విషయంలో మాత్రం నాకు అనుమానం ఉంది. దాంట్లో శాపం వచనం, పశ్చాత్తాపం వచనం ఎవరికైనా వచ్చిందా? అన్నీ తీపి వచనాలే ఏరి అచ్చేయిస్తాం. పాత సంఘాలూ అదే చేస్తున్నాయి.

పాటల గురించి క్లుప్తంగా. ఇంగ్లిష్ ఆరాధన పాటల్లో 2010 నుంచి 2020 దాకా చార్టుల పైకి ఎక్కిన 38 పాటల్ని కొందరు పరిశోధకులు చూస్తే, 36 పాటలు నాలుగు పెద్ద చర్చిల బృందాలతో సంబంధం ఉన్నవే అని తేలింది. మన దగ్గర కూడా ప్రతి జనవరికీ కొత్త పాటలు రావడం, పాతవి పక్కకి పోవడం అలవాటైంది. రాగం, తాళం పైన అచ్చేసిన కీర్తనల పుస్తకం మా తరానికి కంఠతా వచ్చు, పిల్లలకి రాదు. దీని మీద పెద్దవాళ్ళు అంత బాధపడక్కర్లేదని నా ఉద్దేశం. పాట నేర్పేవాడుంటే పిల్లలు ఏదైనా పాడతారు. మీ సంఘంలో కీర్తన నేర్పే మనిషి ఇప్పుడున్నాడా, అది చూడండి.

ఇప్పుడు మీ కమిటీకి ఏం చెప్పాలి?

వాల్ కొటేషన్‌తో పాటు ఏడాది నడిపే ఖర్చు రాతపూర్వకంగా అడగండి. ఆ ఖర్చుని జనరల్ ఫండ్ మీద వేయొద్దు. కావాలన్నవాళ్ళు ప్రత్యేక కానుకగా కొనుగోలుకీ, మూడేళ్ళ నిర్వహణకీ కలిపి ముందే జమచేయగలిగితే కొనండి, లేకపోతే ప్రొజెక్టరుతో సరిపెట్టుకోండి. వాయిదాల మీద మాత్రం వద్దే వద్దు. విధవరాళ్ళ సహాయం, పేద పిల్లల ఫీజులు, సండే స్కూల్ ఈ మూడు పద్దులూ బడ్జెట్‌లో మొదటి వరసలో పెట్టి, వాటిని తగ్గించాలంటే జనరల్ బాడీ ఒప్పుకోవాలని తీర్మానం రాయించండి. పుస్తకంలో ఒక్క గీతే, కానీ చాలా ఆపుతుంది.

సౌండ్ సిస్టం గురించి నాది వేరే మాట. వెనక కూర్చున్న ముసలాళ్ళకి వాక్యం వినపడకపోతే మంచి స్పీకర్లు కొనండి, దానికి చర్చ అక్కర్లేదు.

కుర్రాళ్ళని పిలిచి "మీకేం కావాలి" అని సర్వే చేయకండి. విల్లో క్రీక్ అక్కడే మొదలైంది, ఎటు పోయిందో చెప్పాను. "ఈ పని మీరు చేస్తారా" అని అడగండి. నాకు తెలిసిన ఒక పల్లె సంఘంలో కానుకలు లెక్కపెట్టే పని, బ్యాంకులో కట్టే పని డిగ్రీ చదివే ఇద్దరు ఆడపిల్లలకి ఇచ్చారు. పెద్దలు ముందు గొణిగారు. ఏడాదికి లెక్కలు మునుపెన్నడూ లేనంత శుభ్రంగా వచ్చాయి, వాళ్ళ స్నేహితులూ కొందరు రావడం మొదలుపెట్టారు. అందరూ రాలేదు. టౌన్‌కి అలవాటుపడినవాళ్ళు అక్కడే ఉండిపోయారు, ఉండనివ్వండి. మీ కమిటీలో ముప్పై ఏళ్ళ లోపు మనిషి ఒక్కరైనా ఉన్నారా అని మీరు రాయలేదు. లేకపోతే అన్నిటికంటే ముందు ఆ సంగతి చూడండి.

మూడు నెలలకోసారి జమాఖర్చులు ఆరాధన అయ్యాక చదివి వినిపించండి, నోటీసు బోర్డుకి అంటించండి. డబ్బు ఎటు పోయిందో తెలిసిన మనిషి ప్రేక్షకుడిలా కూర్చోడు, అడుగుతాడు, పోట్లాడతాడు. దానికి సిద్ధంగా ఉండండి.

చందా బకాయి ఉందని పెళ్ళి ఆపే అలవాటు మీ సంఘంలో ఉంటే దాన్ని కూడా ఎజెండాలో పెట్టండి. బకాయి వసూలుకి వేరే దారి చూసుకోవచ్చు.

మీ సంఘం గత మూడేళ్ళ కానుకల మొత్తం, అసెస్‌మెంట్ ఎంత కడుతున్నారు, కరెంటు బిల్లు ఎంత, వాల్ కొటేషన్ ఎంత, ఈ నాలుగు అంకెలు ఇక్కడ రాయండి. సంఘం పేరు అక్కర్లేదు. ఎంత వరకు మోయగలరో లెక్కగట్టి చెప్తాను.